నాకెవ్వరూ లేరన్నవాడు

అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో చేపలు కోసే ఫ్యాక్టరీకని పొద్దున ఆరు గంటలకు వ్యాన్ ఎక్కిన గాస్పర్ లుష్, ఆ రోజు ఫ్యాక్టరీ గేటు చూడలేదు. దారిలోనే ఇమిగ్రేషన్ అధికారుల కార్లు రెండు అడ్డం వచ్చాయి. వ్యాన్‌లో ఉన్న ఏడుగురిలో కాగితాలు చూపించిన ఇద్దరిని వదిలేసి, మిగిలిన ఐదుగురికీ సంకెళ్లు వేసి తీసుకుపోయారు. వదిలేసిన ఇద్దరిలో ఒకడు గాస్పర్ భార్య మికాయెలాకు ఫోను చేశాడు.

"వదినా, తలుపు తీయకు. ఎవరు కొట్టినా తీయకు," అని పెట్టేశాడు.

ఇంకేమీ చెప్పక్కర్లేదు. గ్వాటెమాలా కొండల్లోంచి వచ్చి ఆ ఊళ్లో చేపల మధ్య బతుకుతున్న కిచే తెగవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

మికాయెలా తలుపు తీయలేదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్లది. కిటికీ తెరలన్నీ దించేసింది. నాలుగేళ్ల కూతురు యెసెనియాకు ముందు రోజు నుంచీ జ్వరం. మెట్ల మీద అడుగు చప్పుడైతే చాలు, పిల్లను ఎత్తుకుని స్నానాలగదిలోకి పోయి, తొట్టిలో కూర్చుని, కాలిపోతున్న ఆ నుదుటిని గుండెకు అదుముకునేది. అడుగులు రెండో అంతస్తులో ఆగిపోతే మళ్లీ ఊపిరి పీల్చుకునేది. రెండు రోజులు మొక్కజొన్న రొట్టెలూ, చల్లారిపోయిన చిక్కుడుగింజలే తిండి. గాస్పర్ నుంచి ఫోను రాలేదు. రాదని ఆమెకు తెలుసు. అతను ఫోను చేస్తే నంబరు దొరుకుతుంది, నంబరు దొరికితే ఇల్లు దొరుకుతుంది.

అడిగినవాడికి ఇంటివాళ్ల పేర్లు చెప్పకూడదన్నది వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. మికాయెలా అమ్మమ్మ పడుచుగా ఉన్నప్పుడు సైనికులు జాబితాలు పట్టుకుని వాళ్ల ఊరికి వచ్చారట. నీ మొగుడెవడు, నీ కొడుకులెక్కడ అని ఇంటింటికీ తిరిగి అడిగారట. చెప్పినవాళ్ల ఇళ్లలో మగపురుగు మిగల్లేదు. "నాకెవ్వరూ లేరయ్యా" అని నేలమీద పడి ఏడ్చినవాళ్ల మగవాళ్లు మొక్కజొన్న చేలో దాక్కుని బతికి బట్టకట్టారు. అప్పటినుంచి వాళ్లలో ప్రేమ ఉన్నవాళ్లు పేరు చెప్పరు. ప్రేమ ఎంత ఎక్కువైతే అంత గట్టిగా లేదంటారు. లోకానికి ఇది తలకిందుల వ్యవహారంలా కనిపించవచ్చు. లోకం మీదికి సైనికులు జాబితాలతో రాలేదు కాబట్టి అలాగే కనిపిస్తుంది.

మూడో రోజు తలుపు కొట్టింది కింద కొట్టు నడిపే ఒదీలియా. కాగితాలున్న మనిషి, నోరున్న మనిషి. ఆ వీధిలో ఆ రెండూ ఉన్నది ఆవిడకొక్కదానికే.

"తలుపేసుకుని కూర్చుంటే మొగుడు పొగగొట్టంలోంచి దిగొస్తాడా ఏమే? తియ్యి. నేనే. నా గొంతు కూడా గుర్తుపట్టనంత పెద్దదానివైపోయావా?"

మికాయెలా గొలుసు తీయకుండా సందులోంచి చూసింది. ఒదీలియా పక్కన ఇంకొక ఆడమనిషి ఉంది. నెరిసిన జుట్టు, చంకలో ఫైళ్లు. పేరు ఇలెయిన్ ఫుర్తాడో. ఆమె తాతలు కూడా ఒకప్పుడు పోర్చుగల్ దీవుల నుంచి అదే రేవుకు చేపలు పట్టడానికి వచ్చినవాళ్లు. మనవరాలు లాయరైంది. స్పానిష్‌లో సగం పోర్చుగీసు కలిపి మాట్లాడేది.

"చర్చివాళ్లు చెబితే మీ ఆయన్ను చూశాను," అంది ఫుర్తాడో కూర్చుంటూనే. "అంటే, వీడియో తెరమీద. పక్క రాష్ట్రంలో పెట్టారు. మనిషి బాగానే ఉన్నాడు. కానీ వదలరట. ఇమిగ్రేషన్ జడ్జిని పూచీకత్తు మీద వదలమని అడిగితే, సరిహద్దు దాటి చాటుగా వచ్చినవాళ్లను వదిలే అధికారం నాకు లేదన్నాడు. విచారణే లేదు."

"అయితే ఆయన తప్పేంటో ఎవరూ అడగరా?"

"అదే నేను పెద్ద కోర్టులో అడగబోతున్నాను. మనిషిని పట్టుకోవచ్చా లేదా అన్నది వేరే సంగతి. పట్టుకున్నాక ఎందుకు పట్టి ఉంచారో ఒక జడ్జి ముందు చెప్పాలి కదా. ఈయన ఎవరికి అపాయం, ఎక్కడికి పారిపోతాడు, ఆ రెండూ తేల్చాలి. మనం వదలమని అడగడం లేదమ్మా. వదలాలా వద్దా అని ఒక్కసారి వినమని అడుగుతున్నాం. అంతే."

ఒదీలియా మూతి తిప్పింది. "వినడానికి కూడా అర్జీ పెట్టాలన్నమాట. బాగుంది."

ఫుర్తాడో ఆ మాట పట్టించుకోలేదు. పెళ్లి కాగితం అడిగింది. మికాయెలా దగ్గర లేదు. గాస్పర్ తండ్రి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని రొట్టెలూ చాక్లెట్టూ సారా సీసాలూ మోసుకుంటూ మూడుసార్లు ఆమె పుట్టింటికి పిల్లనడగడానికి వచ్చాడు. మొదటి రెండుసార్లూ మికాయెలా తండ్రి సీసా ముట్టుకోలేదు. మూడోసారి మూత తీశాడు. అదే పెళ్లి. ఊరంతా చూసింది.

"ఆ ఊళ్లో అందరూ సాక్షులే," అంది లాయరు నెమ్మదిగా. "పాప పుట్టింది ఇక్కడే కదా? ఆ కాగితం ఇవ్వండి."

మికాయెలా లేచి వెళ్లి పరుపు కింద నుంచి తీసి తెచ్చింది. ఫుర్తాడో చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పింది. తండ్రి పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు.

ఆ రోజు ఆసుపత్రిలో గుమాస్తా అడిగింది. తండ్రి పేరేమిటి అని చాలా మర్యాదగా, నవ్వుతూ అడిగింది. మికాయెలా కుట్ల నొప్పితో మూలుగుతూనే, తండ్రి లేడంది. గాస్పర్ ఆ సమయంలో కింద కారు పార్కింగ్‌లో, చలిలో, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు తను ఎంత తెలివిగా నడుచుకుందో అని ఆమె నాలుగేళ్లపాటు లోలోపల మురిసిపోయింది.

ఫుర్తాడో తన ఫైలులోంచి ఇంకో కాగితం తీసి దాని పక్కన పెట్టింది. గాస్పర్‌ను పట్టుకున్న రోజు అధికారులు రాసుకున్నది. పెళ్లి కాలేదు. పిల్లలు లేరు. బంధువులు లేరు. ఇల్లు అంటూ లేదు, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకుంటాను. కింద గాస్పర్ సంతకం, బడికి పోని చేతి సంతకం.

"ఇద్దరూ కూడబలుక్కుని రాయించినట్టుంది," అంది లాయరు.

"మేమెప్పుడూ ఈ మాట అనుకోలేదు లాయరమ్మా," అంది మికాయెలా. నిజంగానే అనుకోలేదు. ఆ రెండు కాగితాలనూ చూస్తుంటే ఆమెకు ముందు గర్వం కలిగింది. తర్వాత అసలు సంగతి అర్థమైంది. పారిపోడని నమ్మాలంటే మనిషిని కట్టి ఉంచేది ఏదో ఒకటి ఇక్కడ ఉండాలి. ఆ కాగితాల ప్రకారం గాస్పర్‌కు ఈ ఊళ్లో చెప్పుల జత తప్ప ఏమీ లేదు.

పెద్ద కోర్టు పదకొండు రోజులు తీసుకుంది. ఆ పదకొండు రోజుల్లో ఫుర్తాడో గాస్పర్‌తో రెండుసార్లు మాట్లాడింది. నీ భార్య మికాయెలా పంపింది, నీ మంచికే అడుగుతున్నాను అని చెప్పింది. ఆ పేరు వినగానే అతని ముఖం రాయిలా అయిపోయిందట. అలాంటి వాళ్లెవరూ నాకు తెలియదన్నాడట. పేరు ఎలాగో పట్టేశారు, ఈ నెరిసిన జుట్టావిడ కూడా వాళ్ల మనిషే అనుకున్నాడు కాబోలు.

పన్నెండో రోజు తీర్పు వచ్చింది. విచారణ లేకుండా మనిషిని పట్టి ఉంచడం చెల్లదు, ఏడు రోజుల్లోగా జడ్జి ముందు పెట్టి వినండి, లేదా వదిలేయండి అని. చర్చిలో చప్పట్లు కొట్టారు. మికాయెలాకు చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. విచారణ అంటే ఎవరో ఒకరు వెళ్లి నిలబడి, ఈయన నావాడు అని చెప్పాలి. ఆమె కూడా గాస్పర్ దాటిన సరిహద్దే దాటింది, అతని వెనకే, అతని చొక్కా పట్టుకుని.

ఫుర్తాడో ఏమీ దాచలేదు. "మీరు రావాలని నేను అడగను. వస్తే ఆ గదిలో పేరు చెప్పాలి, ఇంటి చిరునామా చెప్పాలి. ప్రభుత్వం తరఫు లాయరు అక్కడే ఉంటాడు. బయటికొచ్చాక వరండాలో మిమ్మల్ని ఎవరూ ఆపరని నేను మాట ఇవ్వలేను."

"రాకపోతే?"

"రాకపోతే ఆయన ఒంటరివాడు. ఆయనే చెప్పాడు కదా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అలా ఉంది ఆమె పని. పోతే ఇద్దరినీ పట్టుకోవచ్చు. అప్పుడు పిల్ల? పోకపోతే గాస్పర్‌ను ఇంకో నెలకు విమానం ఎక్కిస్తారు. విచారణకు మిగిలిన మూడు రోజులూ ఆమెకు తిండి సయించలేదు. మెట్ల మీద అడుగు పడితే పిల్లను ఎత్తుకుని స్నానాలగదిలోకి పరుగెత్తేది. తనంత పిరికిది భూమ్మీద ఉండదనుకుంది.

విచారణ రోజు పొద్దున ఒదీలియా కొట్టులో, పిండి బస్తాల మధ్య కూర్చుని ఒక కాగితం మీద సంతకం పెట్టింది. నేను తిరిగి రాకపోతే నా కూతురు ఈమె దగ్గర ఉంటుంది అన్నది ఆ కాగితం సారాంశం. కింద ఖాళీలో, పిల్ల గురించి తెలియాల్సినవి చెబితే ఒదీలియా రాసింది. వేరుశనగ పడదు. దీపం ఆర్పితే ఏడుస్తుంది. తల దువ్వేటప్పుడు చిక్కు కింది నుంచి తీయాలి.

"ఇంకా?" అంది ఒదీలియా.

"ఇంకేం లేదు. మంచి పిల్ల."

ఎప్పుడూ ఏదో ఒక మాట అంటించకుండా ఉండలేని ఆ మనిషి ఆ రోజు నోరు మెదపలేదు. ఆవిడ మౌనం చూశాక మికాయెలాకు అసలు భయం మొదలైంది.

కోర్టు గది ఆమె అనుకున్నంత పెద్దది కాదు. నాలుగు బెంచీలు, ఒక జెండా, గోడకు ఒక తెర. కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దావిడ జడ్జి. ఇమిగ్రేషన్ కోర్టులో మొదట చేతులెత్తేసిన జడ్జి కాదు, వేరే ఆవిడ. ప్రభుత్వం లాయరు కుర్రవాడు, జలుబు చేసి మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. అతన్ని చూస్తే భయపడాలో జాలిపడాలో తెలియలేదు. దుబాసీ ఎక్కడో దూరాన ఉండి ఫోనులో కిచే మాట్లాడుతున్నాడు. మికాయెలా వెనక బెంచీలో, కెమెరాకు కనబడని మూల కూర్చుంది.

తెర వెలిగింది. గాస్పర్. జుట్టు కత్తిరించేశారు. మెడ సన్నబడి, చొక్కా కాలరు వదులుగా వేలాడుతోంది. ఆమె తన నేత శాలువా కొస నోట్లో కుక్కుకుంది.

జలుబు కుర్రవాడు అధికారులు రాసుకున్న కాగితం చదివాడు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, ఇల్లు లేదు. ఫుర్తాడో కోర్టుకిచ్చిన పాప పుట్టిన కాగితం కూడా చదివాడు, తండ్రి లేడు. "ఇతన్ని ఇక్కడ కట్టి ఉంచేది ఏదీ లేదు. బయటికెళితే మళ్లీ కనిపించడు," అని కూర్చున్నాడు. ఒక్క అబద్ధం చెప్పలేదు పాపం. అన్నీ వాళ్లిద్దరూ చెప్పినవే.

ఫుర్తాడో లేచి సాక్షిని పిలిచింది. మికాయెలా ముందుకు నడిచింది. చెయ్యెత్తి ప్రమాణం చేసింది. పేరు చెప్పింది. వీధి చెప్పింది. ఇంటి నంబరు చెప్పింది. ఒక్కొక్కటీ చెబుతుంటే ఒంటిమీద బట్ట ఒక్కొక్కటీ తీసేస్తున్నట్టు సిగ్గూ భయమూ కలిసి వచ్చాయి. ఇదంతా ఆమె తల వంచుకుని, గొణుగుతూ చెప్పింది. అవతల తెరలో గాస్పర్‌కు అప్పటివరకూ ఎవరో ఆడమనిషి వీపే కనిపించింది. ఇప్పుడు ఆమె తల తిప్పింది.

అతని పెదాలు విడివడి మళ్లీ మూసుకున్నాయి.

జడ్జి అడిగింది. "మిస్టర్ లుష్, ఈమె మీకు తెలుసా?"

దుబాసీ చెప్పాడు. గాస్పర్ ఆలోచించలేదు. "తెలియదు," అన్నాడు.

ఫుర్తాడో చేతిలో కలం ఆగిపోయింది. జడ్జి మళ్లీ అడిగింది. "జాగ్రత్తగా చూసి చెప్పండి. ఈమె మీ భార్యనని చెబుతోంది."

"ఎప్పుడూ చూడలేదమ్మా. పాపం ఎవరో, పొరపాటున వచ్చినట్టుంది. ఆమెది ఏ తప్పూ లేదు. ఇంటికి పంపించేయండి. ఇప్పుడే పంపించేయండి."

కుర్ర లాయరు, నేనడగాల్సింది ఏమీ లేదన్నట్టు చేతులు చాపాడు.

మొగుడు నలుగురి ముందు నువ్వెవరో తెలియదంటే ఏ ఆడదైనా కుంగిపోవాలి. మికాయెలా కుంగిపోలేదు. అతని తండ్రి సారా సీసాలు మోసుకుని మూడుసార్లు వచ్చినప్పుడు కూడా ఈ మనిషి తనను ఇంతగా కావాలనుకున్నాడని ఆమెకు తెలియలేదు. కానీ ఆ ప్రేమే అతన్ని విమానం ఎక్కించబోతోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అంతా అయిపోతుంది. ఆమెకు అన్ని రోజుల భయమూ ఒక్కసారిగా కోపమైంది.

"గాస్పర్," అంది తెరవైపు తిరిగి, కిచేలో. "నేను చెప్పేశాను. నా పేరు చెప్పేశాను. ఇంటి నంబరు చెప్పాను. మూడో అంతస్తని కూడా చెప్పాను. ఇంక దాచడానికి ఏం మిగిలింది? కాలిపోయిన ఇంటికి కాపలా కాస్తున్నావు నువ్వు."

సాక్షి అలా మాట్లాడకూడదు. జడ్జి ఆపాలి. కానీ అవతల దుబాసీ తన పని తను చేసుకుపోతూ మాట మాటా ఇంగ్లీషులోకి చెప్పేస్తున్నాడు. జడ్జి అతను ముగించేదాకా వింది.

తెరలో గాస్పర్ తల వంచుకున్నాడు. జుట్టు కత్తిరించిన తల ఒక్కటే కనబడుతోంది. తర్వాత ఆ తల పైకి లేచింది.

"పిల్లకు జ్వరం తగ్గిందా?" అన్నాడు.

కుర్రవాడు ముక్కు తుడుచుకోవడం మరిచాడు.

"ఏ పిల్లకు?" అంది జడ్జి, మెత్తగా.

అప్పుడు చెప్పాడు. యెసెనియా అన్నాడు. నా కూతురన్నాడు. నన్ను పట్టుకున్న రోజు దాని ఒళ్లు కాలిపోతోంది, మందు కొనే డబ్బు కోసమే పనికి బయల్దేరాను అన్నాడు. ఈమె నా భార్య, నేను అబద్ధమాడాను, మీకు ఎందుకు అబద్ధమాడానో చెబితే అర్థమవుతుందో లేదో తెలియదన్నాడు. ఆ తర్వాత అతను ఏడవడం మొదలుపెట్టాడు. దుబాసీ మాటలకోసం చాలాసేపు ఎదురుచూశాడు.

కుర్రవాడు లేచాడు. ఆమెను అడగడానికి ఇప్పుడు అతనికి ఒక ప్రశ్న దొరికింది. "అమ్మా, మీరు ఈ దేశంలోకి ఎలా వచ్చారు?"

"జవాబు చెప్పక్కర్లేదు," అంది ఫుర్తాడో వెంటనే. మికాయెలా చెప్పలేదు. ఆమె చెప్పలేదన్న సంగతిని టైపు చేసే అమ్మాయి రాసుకుంది. ఆ మీటల చప్పుడు మికాయెలాకు చాలా రోజులు చెవిలో వినిపించింది.

జడ్జి పూచీకత్తు ఇచ్చింది. అధికారులకు చెప్పినవీ, ఆసుపత్రిలో రాయించినవీ అబద్ధాలేనని, అయితే పారిపోయేవాడు పెళ్లాం కోసం జైల్లో ఉండిపోడని అంది. ప్రభుత్వం లాయరు, అప్పీలు చేసే హక్కు మాకు ఉందని రాసుకోమన్నాడు. రాసుకున్నారు. షరతులు చదివారు. వాటిలో మొదటిది, ఈమె చెప్పిన చిరునామాలోనే నివసించాలి. చెప్పకుండా ఇల్లు మారితే పూచీకత్తు పోతుంది, మనిషి మళ్లీ లోపలికి పోతాడు.

బయట వరండాలో, లిఫ్టు దగ్గర, నడుముకు అధికారుల బిళ్లలు తగిలించుకున్న ఇద్దరు నిలబడి ఉన్నారు. ఫుర్తాడో ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లవైపు తిప్పింది. వాళ్లు ఎవరికోసం నిలబడ్డారో తెలియదు. ఇద్దరూ ఏడు అంతస్తుల మెట్లూ దిగి వీధిలోకి వచ్చారు. ఆ రోజు మాత్రం ఎవరూ ఆపలేదు.

పూచీ సొమ్ము చర్చివాళ్లు పోగుచేశారు, కాగితాలున్న మనిషిగా ఒదీలియా వెళ్లి కట్టింది. అయిదో రోజు మధ్యాహ్నం గాస్పర్ ఇంటికి వచ్చాడు. మెట్లన్నీ ఎక్కి వచ్చి, పిల్లను పట్టుకుని, నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం తగ్గి రెండు వారాలైందని చెప్పినా చెయ్యి తీయలేదు. తర్వాత కిటికీ తెర కొంచెం పక్కకి లాగి వీధిలోకి చూశాడు.

"ఈ ఆదివారమే ఇల్లు మార్చేద్దాం," అన్నాడు. "వాళ్లకు నంబరుతో సహా తెలుసు కదా."

"వీల్లేదు. ఇక్కడే ఉండాలి. మారితే నిన్ను మళ్లీ పట్టుకుంటారు."

"ఇక్కడుంటే నిన్ను పట్టుకుంటారు."

ఆమె రొట్టెలు వేడి చేసి పళ్లెంలో పెట్టింది. గుడ్లు కూడా వేసింది. గాస్పర్ తలుపు కనబడేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఎవరో తలుపు కొట్టారు.

అతను లేచి నిలబడ్డాడు. ఆమె పొయ్యి ఆపేసింది. ఈలోగా యెసెనియా కుర్చీ దిగి గబగబా తలుపు దగ్గరికి పోయింది. ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. తలుపు చెక్కకు నోరు ఆనించి, పెద్దవాళ్లలా గొంతు గట్టిచేసుకుని చెప్పింది.

"మా నాన్న లేడు. నాకసలు నాన్నే లేడు."

"తలుపు తియ్యవే, చారు తెచ్చాను, చేతులు కాలుతున్నాయి," అంది బయటి నుంచి ఒదీలియా.

పిల్ల తలుపు తీయలేదు. వెనక్కి తిరిగి, బాగా చెప్పానా అన్నట్టు తండ్రి వైపు చూసింది. గాస్పర్ బాగా చెప్పావని తలూపాడు.